పైడక్క అరికాళ్ళు

చుట్టు 902

మబ్బూరు పాచితొట్ల సంరక్షకుడు ప్రద్యుమ్న, బీఎస్సీ, సవినయంగా నమోదు చేయునది ఏమనగా, పాచి క్షేమంగా ఉంది. పచ్చగా ఉంది, నురగలు కక్కుతోంది, వాసన ఎప్పటిలాగే తడిసిన చెప్పుల వాసన. తాజా పరీక్షలో మాంసకృత్తులు సమృద్ధి, ఇనుము సమృద్ధి, ఫోలేట్ సమృద్ధి, బి12 సమృద్ధి. ఇందులో సగం సమృద్ధి నా మార్కుల్లో ఉండుంటే మా నాన్న నన్ను శుక్రగ్రహం దాకా పంపేవాడు కాదు.

లాగ్‌లో పాచి సంగతి తప్ప వేరే రాయకూడదని నిబంధన. కానీ ఈ ఊళ్ళో పాచి తినని మనిషి లేడు. కాబట్టి మనుషుల సంగతి కూడా పాచి సంగతే అని నా వాదన. పైవారి అభ్యంతరం భూమి నుంచి ఇక్కడికి చేరేలోగా నేను ఇంకో నాలుగు పేజీలు రాసేసి ఉంటాను.

ఇవాళ పైడక్క నిచ్చెన మధ్యలో ఆగింది.

ఇది చిన్న విషయం కాదు. మా ఊరంతా ఒక పెద్ద గాలిబుడగ. మేం పీల్చే గాలే మమ్మల్ని శుక్రుడి మబ్బుల మీద తేలుస్తుంది. గాలివాటుకి ఊరు గ్రహాన్ని ఒకసారి చుట్టి వస్తే దాన్ని చుట్టు అంటాం, భూమి లెక్కలో ఇంచుమించు నాలుగు రోజులు. బుడగ తోలుకి చిల్లు పడితే గాలి పోతుంది. గాలి పోతే ఊరు దిగుతుంది. దిగితే కింద ఉన్నది పొయ్యి. బయట ఎప్పుడూ ఆమ్లపు మంచు కురుస్తూ తోలుని కొరుకుతూ ఉంటుంది. చిల్లులు కనిపెట్టడానికి సెన్సర్లు తెచ్చారు, ఆమ్లం వాటినీ తినేసింది. అందుకని పైడక్క పలచటి అడుగున్న జోళ్ళు తొడుక్కుని, తాడు కట్టుకుని, బుడగ మీద నడుస్తుంది. చిల్లు దగ్గర తోలు సన్నగా వణుకుతుందట. ఆ వణుకు ఆవిడ అరికాళ్ళకి తెలుస్తుంది. వేరే ఎవరికీ తెలియదు. నేను ఒకసారి నడిచి చూశాను. నాకు తెలిసిందల్లా నా కాళ్ళు వణుకుతున్నాయని.

అలాంటి మనిషి నిచ్చెన మధ్యలో ఆగి, కడ్డీకి తల ఆనించి నిలబడింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏంటక్కా, దృశ్యం చూస్తున్నావా?"

"నీ మొకం సూత్తన్నాను. పాచి తొట్లో పడి లేసినట్టున్నావు. తప్పుకో."

తప్పుకున్నాను. ఆవిడ ఎక్కడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

చుట్టు 905

వేలిపోటు పెట్టె గురించి. అందులో వేలు పెడితే సూది గుచ్చి, రక్తం చప్పరించి, ఆడగొంతుతో తీర్పు చెబుతుంది. దానికి వచ్చిన తీర్పులు రెండు. "రక్తం బాగుంది." "రక్తం తక్కువ, ఇనుము తీసుకోండి." పైడక్కకి రెండోది చెప్పింది.

ఊరికి ఈ మాట చాలు. వంటశాల రాజ్యలక్ష్మికి రెండో కాన్పు తర్వాత పెట్టె ఇదే మాట చెబితే, ఇనుపమాత్రలతో ఆవిడ గులాబీలా తేరుకుంది. అప్పటినుంచి మబ్బూళ్ళో ఇనుము అంటే వైద్యం కాదు, బాంధవ్యం. మనిషికింత అని వచ్చే మాత్రల్లోంచి తలా కాస్త తెచ్చి పైడక్క గది ముందు పెట్టడం మొదలైంది. పాచిలడ్డూలు, ఎండు ఖర్జూరాలు, ఎవరో ఒక ఇనుపగరిటె కూడా పెట్టి వెళ్ళారు, నాకవచ్చనేమో.

నాకు నేనే ఇచ్చుకున్న ఆరోగ్యశాఖామాత్యుల హోదాలో దగ్గరుండి మింగించాను. మాత్రతో నిమ్మనీళ్ళు ఇవ్వాలి, టీ ఇవ్వకూడదు, ఎందుకంటే టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. ఇది నేను చదివాను. చదివినదాన్ని అమల్లో పెట్టే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది. ఆవిడ చేతిలోంచి టీ గ్లాసు లాక్కున్నాను.

"ఒరే పద్దు, నీకు పెళ్ళయితే ఆ పిల్ల ఏటైపోతాదో."

"నిమ్మనీళ్ళు తాగుతుందక్కా, రక్తపుష్టితో ఉంటుంది."

"మీరంతా కలిసి నా కడుపుని కొలిమి సేసేత్తన్నారు. నాలుక మండిపోతంది, మలబద్ధకం వేరే. రాసుకో, నీ పుస్తకంలో రాసుకో."

రాశాను.

అన్నం దగ్గర ఆవిడ పాచి మాత్రమే తింది. నేను పెరుగన్నం తిన్నాను. ఆ పెరుగు ఆవిడదే. మా ఊరికి వచ్చి ఆరేళ్ళు నిండినవాళ్ళు పాలు వదులుతారు. సభ చేస్తారు, చివరి గ్లాసు పాలు తాగి గ్లాసు బోర్లిస్తారు, ఆ రోజునుంచి వాళ్ళ పాలపొడి, గుడ్డుపొడి కొత్తగా వచ్చినవాళ్ళకి. కొత్తవాళ్ళ కడుపులు పాచికి ఏడుస్తాయి కాబట్టి. పాతవాళ్ళకి అదో పెద్ద మర్యాద. పైడక్క గ్లాసు బోర్లించింది నేను దిగిన రోజునే. నేను ఆవిడ కాళ్ళకి దండం పెడితే, "లేరా, ఆ కాళ్ళు నాకు పనికొత్తాయి" అంది.

చుట్టు 909

ఊరు దిగింది.

ఎంతో కాదు. తొట్లలో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి పాచి అంచు దాటింది, చెవులు దిబ్బెడ వేశాయి. అందరూ కలిసి గాలిపంపులు తిప్పి నిలబెట్టుకున్నాం. చిల్లు దొరికింది. దొరికిన చోటు, పైడక్క ముందురోజు నడిచి, "ఇక్కడంతా బాగుంది" అని చెప్పిన చోటు.

ఎవరూ ఏమీ అనలేదు. అదే భయంకరం. మా ఊళ్ళో ఉప్పు ఎక్కువైనా సభ పెడతారు.

నేను ఆవిడ జోళ్ళు కడగడానికి తీసుకున్నాను. అది నా పనే, ఆమ్లం తుడవాలి. కుడి జోడు అడుగున సూదిబెజ్జమంత కంత ఉంది. లోపల పాత మేజోడుకి గోధుమరంగు మరక. గదికెళ్ళి, "అక్కా, కాలు చూపించు" అన్నాను.

"దేనికి?"

"దండం పెట్టడానికి."

నవ్వి కాలు చాపింది. కుడి అరికాలు మధ్యలో నా బొటనవేలంత మేర కాలిపోయి, తోలు ఊడి, ఎర్రగా తడిగా ఉంది. ఆమ్లం లోపలికి దిగి కనీసం రెండు పూటలు కొరికి ఉంటుంది. నేను దాని పక్కన వేలితో నొక్కాను. ఆవిడ నా మొహం వంక చూస్తోంది.

"ఏటి అలా అయిపోయావు?"

ఆవిడకి తెలియదు. కాలు కాలిందని ఆవిడకి తెలియదు.

చూపించాక కాలు వెనక్కి లాక్కుంది. తర్వాత చెప్పింది. మొదట వేళ్ళ చివర తిమ్మిరి. తర్వాత దూది మీద నడుస్తున్నట్టు. ఇప్పుడు మడమ దాకా ఏమీ లేదు. ఇనుము మింగితే తిరిగొస్తుందని ఎదురుచూసింది.

"పెసిరెంటు గారికి సెప్పకురా. పైకి పోనీరు. పైకి పోకపోతే నానేటి చెయ్యాలి ఇక్కడ? ఖర్జూరాలు తింటా కూకోవాలా?"

పుండుకి కట్టు కట్టి, ప్రెసిడెంటుకి చెప్పను, డాక్టరుకి చెబుతాను అన్నాను. ఆవిడ వద్దని అనలేదు. అంటే సరేనని.

చుట్టు 910

డాక్టర్ మెహరున్నీసా గారు ఉండేది వెండిమబ్బు అనే పక్క ఊళ్ళో. అదీ మాలాగే తేలే ఊరు. రెండూ గాలివాటున దగ్గరపడినప్పుడే రేడియోలో మాట కలుస్తుంది, కాసేపు ఉండి పోతుంది. ఈ చుట్టులో కలిసింది.

"పాచి పిల్లగా, మైక్రోస్కోప్ ఉంది గదా నీ దగ్గర? ఆమెది ఒక చుక్క, నీది ఒక చుక్క, పక్కపక్కన పెట్టి చూడు. ఏం కనబడుతుందో నీ కవిత్వం లేకుండ చెప్పు."

నా చుక్కలో ఎర్రకణాలు ఆవగింజల్లా ఒకే తీరున, కిక్కిరిసి ఉన్నాయి. పైడక్క చుక్కలో బాగా తక్కువ. కానీ ఒక్కొక్కటీ శనగగింజంత, కొన్ని కోడిగుడ్డు ఆకారంలో. కవిత్వం వద్దన్నారు కానీ గింజలతోనే చెప్పాను.

"పెద్దగున్నయా? మంచిగ చూసినవా?"

"పెద్దగానే ఉన్నాయండీ. పెద్దవైతే మంచిదేగా?"

"ఏం చదివినవ్ బాబూ నువ్వు? ఇనుము తక్కువైతే కణాలు చిన్నగ, వెలిసిపోయి ఉంటయి. ఇవి పెద్దగున్నయంటే ఇటుకలకు కరువు లేదు, కట్టే మేస్త్రీ లేడు. నాలుక మంట, కాళ్ళ తిమ్మిరి, ఇదంత బి12 లేక. అది లేకుంటే రక్తమే కాదు, నరాలు గూడ ఎండిపోతయి. ఏం తింటది ఆమె?"

"పాచండీ. మా పాచిలో బి12 సమృద్ధి. నేనే పరీక్షిస్తాను."

అటునుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఇన్ని మైళ్ళ ఆమ్లపు మబ్బులు దాటి వచ్చినా దాని వేడి తగ్గలేదు.

"అది బి12 కాదు నాయనా, బి12 లెక్క కనబడేది. తాళంచెవి లెక్కనే ఉంటది, తాళంల దూరుతది, తిరగది. నీ మిషన్‌కు తేడా తెల్వదు, ఒంటికి తెలుస్తది. అసలుది పాలల్ల, గుడ్లల్ల, చేపల్ల, మాంసంల ఉంటది. ఆమె పాలు తాగుతదా?"

తాగదని చెప్పాను. ఎప్పటినుంచి అని అడిగారు. నాలుగేళ్ళని చెప్పాను. ఒంట్లో పాత నిల్వ కొన్నేళ్ళు నడిపించి ఇప్పుడు అయిపోయిందని ఆవిడ అన్నారు. ఇంకా ఆలస్యమైతే నరాలు తిరిగి రావని కూడా.

నాలుగేళ్ళుగా నేను కలుపుకున్న పెరుగన్నంలో ఉన్నది ఆవిడ నడక. పైవారికి మనవి, ఇక్కడ హాస్యం లేదు. వెతక్కండి.

అదే చుట్టు, కొనసాగింపు

మందుల అరలో బి12 లేదు. సరుకుల ఓడ రావాలంటే ఇంకా చాలా చుట్లు. అప్పుడు డాక్టరమ్మ అడిగారు, "అగ్ని అలమారల ఎర్ర సీసా ఉందా?"

ఉంది. నిప్పంటుకుంటే విషపు పొగ పీల్చినవాళ్ళకి విరుగుడు. ఊరికి అలాంటివి రెండే.

"ఆ విరుగుడే బి12. మస్తుగ ఉంటది దాంట్ల. ఒక్క సీసా కలిపితే ఊరందరికీ పోయొచ్చు. కాని కలిపినంక నిలవది, ఆరు గంటల్ల వాడాలె."

అలమార తాళం ప్రెసిడెంటు వీరభద్రం గారి దగ్గర ఉంటుంది. కాబట్టి ఆయనకి చెప్పక తప్పలేదు. రేడియో ముందుకి వచ్చారు. పాలు వదలడం అనే ఆచారం పెట్టిందే ఆయన. ఊళ్ళో మొదట గ్లాసు బోర్లించిందీ ఆయనే.

"అమ్మా, నాకు పైడితల్లి మీద గౌరవం లేక కాదు. ఉన్నవి రెండు సీసాలు. ఒకటి ఒక్క మనిషి కోసం విప్పేస్తే, రేపు నిప్పంటుకుంటే ఊరికి ఏం సమాధానం చెప్పను? మా పాతవాళ్ళం ఎంతమందిమి ఉన్నాం, అందరం పాచే తింటున్నాం. మాకెవరికైనా ఏమైనా అయ్యిందా?"

రేడియోలో కాసేపు గరగర. ఊళ్ళు విడిపోతున్నాయి.

"ప్రెసిడెంటు గారూ," అన్నారు డాక్టరమ్మ, నెమ్మదిగా, "మీ చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటున్నరా?"

ఆయన చెయ్యి గుండీల మీదికి వెళ్ళింది. నేను చూశాను. పై గుండీ రెండో కాజాలో ఉంది, కిందివన్నీ ఒక్కో మెట్టు తప్పి ఉన్నాయి. చాలా చుట్లుగా అలాగే ఉన్నాయి. మేం కుర్రాళ్ళం అది పెద్దరికపు ఫ్యాషన్ అనుకుని, ఒకరిద్దరం అనుకరించాం కూడా.

ఆయన లేచారు. అలమార దాకా నడిచారు. తాళంచెవి తీసి తాళంలో పెట్టబోతే పక్కకి జారింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. వేళ్ళ వంక చూసుకున్నారు, అవి వేరే ఎవరివో అన్నట్టు. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"తియ్యవయ్యా. మైకులో చెప్పు. ఆరేళ్ళు దాటినవాళ్ళందరినీ రమ్మను. నేను ముందు వేయించుకుంటున్నానని చెప్పు, లేకపోతే రారు."

డాక్టరమ్మ మోతాదు చెప్పి, రెండుసార్లు నాచేత అప్పజెప్పించుకున్నారు. "ఎక్కువైతే భయం లేదు, ఉచ్చల పోతది," అన్నది నాకు వినబడ్డ చివరి మాట. వైద్యచరిత్రలో ఇంతకన్నా అభయమిచ్చే వాక్యం నాకు తెలియదు.

వచ్చారు. మొదట ఇద్దరు, తర్వాత ఒక్కొక్కరే, ఒకరి వంక ఒకరు చూసుకోకుండా. వరసలో నిలబడ్డాక నోళ్ళు విప్పారు.

"నాకేం లేదు, ఊరికే వచ్చాను. నాలుక కాస్త మండుతుంది, అంతే."

"నీకూ మండుతుందా? మరి పచ్చడి అద్భుతం అన్నావు కదా నిన్న?"

"నువ్వు చేశావని అన్నాను."

"నాకు పేర్లు మర్చిపోవడం. మా ఆయన పేరు కూడా."

"అది జబ్బు కాదు వదినా, వరం."

ఇంతమంది, ఇంతకాలం, ఒకరికి తెలియకుండా ఒకరు గోడలు పట్టుకుని నడుస్తున్నారన్నమాట. చెబితే, ఎవరికో ఇచ్చిన పాలు వెనక్కి అడిగినట్టవుతుందని.

సీసాలో మందు చిక్కటి ఎరుపు, దానిమ్మరసంలా. పాచితొట్లకి పోషకాలు ఎక్కించే చెయ్యి నాది, మనుషులకి ఇదే మొదలు. పైడక్క జబ్బ చాపింది.

"ఏటి ఆలోసిత్తన్నావు?"

"మోతాదు అప్పజెప్పుకుంటున్నానక్కా."

"సాల్లే. గుచ్చు. నాకు కాళ్ళే మొద్దుబారాయి, సెయ్యి కాదు, నెమ్మదిగా గుచ్చు."

చుట్టు 911

నీటి శుద్ధియంత్రం ప్రమాదఘంట మోగించింది. "ఊరి మురుగులో భారీ రక్తస్రావం. దయచేసి గాయపడినవారిని గుర్తించండి." గంటల తరబడి అదే పాట. మందు ఎరుపు ఉచ్చలో బయటికి వస్తోందని యంత్రానికి ఎవరు చెప్పాలి. పెద్దలందరూ మందు వల్ల గులాబీరంగు తిరిగిన మొహాలతో, ఒకరిని చూసి ఒకరు నవ్వకుండా ఉండలేక, భోజనాలశాలలో కూర్చున్నారు. వీరభద్రం గారిని నేను నవ్వగా చూడటం ఇదే మొదటిసారి. ఆయనకి ముందు పన్ను ఒకటి లేదు. కొత్త సమాచారం.

భోజనాల దగ్గర కొత్తవాళ్ళం ముందే అనుకున్నట్టు లేచాం. అందరం మా పాలగ్లాసులు తీసుకెళ్ళి, ఎవరి వాటా ఎవరి దగ్గరనుంచి వచ్చిందో వాళ్ళ ముందు పెట్టాం. ప్రసంగం నేను సిద్ధం చేసుకున్నాను, రెండు పేజీలు, ఉపమానాలతో సహా. పైడక్క ముందు గ్లాసు పెట్టేసరికి "తాగక్కా" అనే రెండో పేజీ చివరి మాట తప్ప ఏదీ మిగల్లేదు.

ఆవిడ గ్లాసు వంక చూసింది.

"మరి నీకు?"

"అందరికీ సగం సగం. ఓడలో మాత్రలొస్తాయి, అప్పటిదాకా."

"పాచి నీ కడుపుకి పడదు కదరా."

"పడకపోతే ఏడుస్తాను. ఇక్కడ వినడానికి చాలామంది ఉన్నారు."

తాగింది. పాలమీసం తుడుచుకుంది. నేను నా చోటుకొచ్చి పాచి తిన్నాను. తడిసిన చెప్పులే. ఆనందంగా తిన్నాను.

చుట్టు 923

పాచి ఫలితాల్లో "బి12 సమృద్ధి" అనే పంక్తి కొట్టేసి, "బి12 లాంటిది సమృద్ధి, నమ్మవద్దు" అని రాస్తున్నాను. వేలిపోటు పెట్టె మీద కూడా ఒక కాగితం అంటించాం, "తక్కువ అంటే ఎందుకు తక్కువో డాక్టరమ్మని అడుగు" అని. ఓడ వచ్చింది, మాత్రలు వచ్చాయి, సూదిమందు వచ్చింది. అగ్ని అలమారలో మళ్ళీ రెండు సీసాలు.

పైడక్క మొహానికి రంగు వచ్చింది. నిచ్చెన ఆగకుండా ఎక్కుతోంది. రక్తం నిండిందని పెట్టె చెప్పింది. కానీ కాళ్ళు రాలేదు. రక్తం తొందరగా వస్తుంది, నరం తన తీరికలో వస్తుంది, రాకపోవచ్చు కూడా అని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు.

బుడగ మీద ఇప్పుడు మేం నలుగురం నడుస్తున్నాం. పైడక్క లోపల కూర్చుని తాడు పట్టుకుని తిడుతూ ఉంటుంది. "అడుగెయ్యడం కాదురా, అడుగు పెట్టాలి. అన్నం మీద నెయ్యి ఏసినట్టు." నాకు మొన్న మొదటిసారి ఒక వణుకు తెలిసింది. చూస్తే నిజంగానే చిల్లు. ఆ రోజంతా జోళ్ళు విప్పలేదు.

ఆవిడ నన్ను మెచ్చుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది.

చుట్టు 941

పాచి క్షేమం. మిగతాది త్వరగా రాసేస్తాను.

మధ్యాహ్నం భోజనాలకి ముందు వంటశాలలో పంచదార డబ్బా మోస్తూ ఎవరినో నవ్వించే పనిలో ఉన్నాను. మూత ఊడింది. కొంచెం నేలమీద ఒలికింది. పైపైన కాలితో పక్కకి నెట్టేసి, ఎవరూ చూడలేదు కదా అని వెళ్ళి కూర్చున్నాను. పుండు మానిన దగ్గర్నుంచీ పైడక్క లోపల జోళ్ళు లేకుండా నడుస్తోంది, నేల చల్లదనం ఎప్పటికైనా తెలుస్తుందేమోనని. పళ్ళెం పట్టుకుని వచ్చింది. పదడుగులు వేసింది.

ఆగింది.

ఒక కాలు ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టింది. వేళ్ళు కదిపింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవడ్రా ఇక్కడ పంచదార ఒలకబోసింది?"

శాలలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"నిన్నే, పద్దు. నువ్వే అయ్యుంటావు. గరగరలాడతంది కాలికింద. చీమలు లేవని ఇలా తగలెయ్యడమేనా? సీపురు తేవేట్రా? ఏటి అందరూ అలా సూత్తన్నారు?"

వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. రాజ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేవలేదు. చీపురు గోడకే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది.

ఎవరూ ఊడవలేదు. ఆవిడ తిడుతూనే, మెల్లగా, ఇంకో కాలు కూడా ఆ పంచదార మీద పెట్టింది.